మినహాయింపు ఎవరికి, దేనికి? రాయగడలోని ఒక పన్ను సలహా కార్యాలయంతో మా అనుభవం

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో మేము కొందరం కలిసి కొన్నేళ్లుగా ఒక సొసైటీ నడుపుతున్నాం. పిల్లలకు సాయంకాలం ఉచితంగా చదువు చెప్పడం, ఏటా కొందరి కాలేజీ ఫీజులు కట్టడం దాని పని. పన్నుల సంగతి వచ్చినప్పుడల్లా విజయనగరం వెళ్లడం మాకు అలవాటు. 2025 వేసవిలో మాత్రం ఒక మిత్రుడి మాట మీద, తెలుగూ ఒడియా రెండూ ధారాళంగా మాట్లాడే రాయగడ సలహాదారు ఒకరి కార్యాలయానికి వెళ్లాం.

ఆయన చేసిన మొదటి మేలు మా మాటను సరిచేయడం. పన్ను పడని ఆదాయాన్నీ, సంస్థకు చట్టం ఇచ్చే హోదానూ, దాతకు దక్కే తగ్గింపునూ మనం ‘మినహాయింపు’ అనే ఒక్క మాటతోనే సరిపెడతాం. ఈ మూడింటికీ సెక్షన్లు వేరు, షరతులు వేరు, హక్కుదారులు వేరు అని ఆయన గంటసేపు కాగితం మీద గీసి చూపించారు. సొసైటీల చట్టం కింద నమోదైనంత మాత్రాన మా ఆదాయానికి పన్ను లేదని మేము ఇన్నాళ్లూ నమ్మాం. ఆ నమోదు సంస్థకు ఉనికిని మాత్రమే ఇస్తుందనీ, అప్పుడు అమలులో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 11 ప్రయోజనం, అంటే ఆశయాల కోసం వినియోగించే ఆదాయానికి పన్ను లేకపోవడం, కావాలంటే సెక్షన్ 12ఏబీ కింద విడిగా నమోదు కావాలనీ, దాతలకు తగ్గింపు దక్కాలంటే 80జీ ఆమోదం మరొకటి కావాలనీ అప్పుడే తెలిసింది.

దరఖాస్తు కంటే ముందు ఆయన మా బైలా (సొసైటీ నియమావళి) అడిగి వాక్యం వాక్యం చదివారు. ఫీజుల సాయం ఫలానా కులం పిల్లలకే అని మా పెద్దలు ఎప్పుడో రాసిన నిబంధన ఒకటి అందులో ఉంది. 1962 ఏప్రిల్ 1 తరువాత ఏర్పడిన ధర్మసంస్థ ఒక మతవర్గానికో కులానికో పరిమితమైతే ఈ ప్రయోజనం దక్కదని, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లల విషయంలో మాత్రం సడలింపు ఉందని వివరించి, మా నిబంధనలోని మాటల మీద అభ్యంతరం వచ్చే వీలు లేకుండా మార్చుకోమన్నారు. సర్వసభ్య సమావేశంలో దానిని మార్చి, ‘అవసరంలో ఉన్న విద్యార్థులు’ అని రాసుకున్నాం. న్యాయంగా చూసినా ఆ మార్పు ఎప్పుడో జరగవలసింది.

మా కార్యక్రమాలు అప్పటికే నడుస్తున్నందున తాత్కాలిక నమోదు కాక, ఫారం 10ఏబీతో నేరుగా ఐదేళ్ల నమోదుకు దరఖాస్తు చేయించారు. హోదా వచ్చాక దానిని నిలుపుకోవడం గురించి ఆయన ఇచ్చిన వివరణ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. అప్పటి నిబంధనల ప్రకారం ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం ఆశయాల కోసం వినియోగించాలి. 15 శాతం కంటే ఎక్కువ మిగుల్చుకోవాలంటే కారణం చెప్పి, ఫారం 10 దాఖలు చేయాలి. రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి దాత 80జీ తగ్గింపు పొందలేడు. విరాళాల వివరాలు ఫారం 10బీడీలో మే 31 లోగా పంపకపోతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు 80జీ వల్ల లాభమే లేదన్న సంగతిని కూడా రసీదు ఇచ్చేటప్పుడే చెప్పమన్నారు. ఆ నిజాయతీ నాకు నచ్చింది.

నా వెంట వచ్చిన సవర తెగ మిత్రుడు ప్రభుత్వోద్యోగి. గిరిజనులకు జీతం మీద పన్ను ఉండదని ఎవరో చెప్పగా నమ్మి వచ్చాడు. గిరిజనుల ఆదాయానికి పన్ను లేదనే సెక్షన్ 10(26) ఈశాన్యంలోని నిర్దిష్ట రాష్ట్రాలకూ, ప్రాంతాలకూ, లడఖ్‌కూ చెందినదనీ, రాయగడ జిల్లా రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు కిందిది కాబట్టి ఇక్కడి ఆదాయానికి అది వర్తించదనీ సలహాదారు నెమ్మదిగా, గౌరవంగా చెప్పారు. తప్పుడు రిటర్ను వేసి వాపసు తెచ్చిపెడతానని ఆశ చూపేవారున్న కాలంలో ఇలా కాదని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

నా జీడితోట గురించి కూడా అడిగాను. సొంత తోటలోని పిక్కలు అమ్మితే వచ్చేది పన్ను లేని వ్యవసాయాదాయం. పొరుగువారి పిక్కలు కొని పప్పు తీయించి అమ్మితే అది వ్యాపారం. వ్యవసాయాదాయం 5,000 రూపాయలు దాటి, నా పింఛను కూడా పన్ను పడని ప్రాథమిక పరిమితిని మించితే, పన్ను రేటు లెక్కించేటప్పుడు రెండింటినీ కలుపుతారట.

లోపాలు లేకపోలేదు. రుసుము ఎంతో ముందుగా చెప్పలేదు, సగం పని అయ్యాక చెప్పారు. మా బైలా, తీర్మానాల అసలు ప్రతులు మూడు వారాలు వారి వద్దే ఉండిపోయాయి, ఇచ్చినట్టు రసీదు కూడా లేదు. ఫోను చేస్తే సహాయకుడు ‘రేపు’ అనేవాడు. వెళ్లేవారు ఖర్చు మొదటి రోజే రాయించుకుని, నకళ్లు మాత్రమే ఇవ్వాలని నా సూచన. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి పాతదాని స్థానంలోకి వచ్చినందున సెక్షన్ల, ఫారాల సంఖ్యలు మారాయి. వాటిని సరిచూసుకోవడానికి మళ్లీ ఆ కార్యాలయానికే వెళ్తాం.