స్మార్ట్ టీవీ, రింగ్ ఫిట్: మూడేళ్లు దాటాక నా మాట

హాల్లో 43 అంగుళాల స్మార్ట్ టీవీ, దానికి తగిలించిన నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ పెట్టె. కొని మూడేళ్లు దాటింది. బొమ్మ, సౌండు బాగున్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టీవీలో ఏది పెడితే ఇంట్లో ఏం తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నదే నేను చెప్పేది. ఎంతసేపు చూశామన్నదానికన్నా ఏం చూశామన్న దగ్గరే తేడా అంతా వస్తోంది.

అన్నిటికన్నా ఎక్కువ తినిపించేది ఐపీఎల్. రాత్రి మ్యాచ్ 7:30కి మొదలు, సరిగ్గా భోజనాల వేళకి. మ్యాచ్ మధ్యలో వచ్చే రెండున్నర నిమిషాల విరామం, స్ట్రాటజిక్ టైమ్ అవుట్‌లో ఎవరూ లేవరు, ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెడతారు. వండిన బీరకాయ కూర ఫ్రిజ్‌లోకి పోతుంది. వెబ్ సిరీస్‌ది ఇంకో రకం. ఒక ఎపిసోడ్ అయ్యీ అవగానే తర్వాతది దానంతటదే మొదలవుతుంది. కంచంలో చెయ్యి ఎండిపోతున్నా లేవబుద్ధి కాదు. పక్కన జంతికల డబ్బా ఉందంటే అడుగు కనపడేదాకా తెలియదు. ఆటోప్లే ఆపేయండి, సెట్టింగ్స్‌లో ఉంటుంది. వీటికన్నా అత్తయ్యగారి సీరియళ్లే నయం: ప్రకటనలు రాగానే ఆవిడ లేచి పాలు తోడుపెట్టి, బట్టలు తీసి వస్తారు. ప్రకటనల్ని పొగిడే రోజొకటి వస్తుందనుకోలేదు!

ఇక రింగ్ ఫిట్ అడ్వెంచర్, స్విచ్‌లో ఆడే కసరత్తు ఆట, 2019లో వచ్చింది. చేతుల్లో వంగే రింగు, తొడకి పట్టీ. మనం ఉన్నచోటే పరిగెడితే తెరమీద బొమ్మ పరిగెడుతుంది. రింగు నొక్కినా, గుంజీలు తీసినా ఎదుటి రాక్షసుడికి దెబ్బ తగులుతుంది. చెమటలు కారతాయి, అందులో అబద్ధం లేదు. రెండు చేతులూ రింగు మీదే ఉంటాయి కాబట్టి చిరుతిండి ఊసే రాదు. కింది ఫ్లాట్ వాళ్లు వచ్చి తలుపు తట్టాక సైలెంట్ మోడ్ పెట్టాం. అందులో పరుగు బదులు మోకాళ్లు వంచి లేస్తుండాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే కష్టం.

కానీ ముప్పావుగంట ఆడినా, చివర్లో అది చూపించే కసరత్తు సమయం అందులో సగం కూడా ఉండదు. మిగతాదంతా కథ, మెనూలు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఈ ఆటతోనే ఆ లెక్క నిండదు, నా పొద్దుటి నడక నాకుంది.

పిల్లలున్న ఇంటికి ఈ ఆట కొనమనే చెబుతాను. ఒకసారికి ఒకరే ఆడాలి, వంతు కోసం కూర్చున్నవాడు ఈలోగా చిప్స్ ప్యాకెట్ విప్పుతాడు. అదొకటి చూసుకోండి.