హార్ట్‌మన్ సంతకం, ఉత్తరం, సర్టిఫికెట్ అని సెట్‌గా అమ్ముతున్నారు: జాగ్రత్త

ఎరిక్ హార్ట్‌మన్ సంతకం చేసిన ఫోటో, దానికి జతగా ఆయన రాసిన ఉత్తరం, పైన ‘అసలైనదే’ అంటూ ఒక సర్టిఫికెట్. ఈ మూడూ కలిపి యూరప్ నుంచి ఒకతను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. నేను కొన్నాను. నకిలీ. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. స్టాంపులు, నాణేలతో మొదలుపెట్టి రెండో ప్రపంచ యుద్ధం నాటి కాగితాల దాకా వచ్చిన మనవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

హార్ట్‌మన్ జర్మన్ వాయుసేన పైలట్. 352 విమానాలు కూల్చాడని లెక్క. నైట్స్ క్రాస్ అనే జర్మన్ శౌర్య పతకం మీద ఓక్ ఆకులు, కత్తులు, ఆపైన వజ్రాలు దక్కించుకున్న 27 మందిలో ఒకడు. సోవియట్ చెర నుంచి 1955లో బయటపడి, 1993 సెప్టెంబరు 20న చనిపోయాడు. యుద్ధం తర్వాత అడిగినవాళ్లకు చాలా సంతకాలే పెట్టాడు. అందుకే ఇంకో సంతకం బయటికొచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు. నకిలీ రాయుళ్లకు కావలసింది కూడా అదే.

నాకొచ్చిన ఉత్తరం టైపు చేసింది. తేదీ 1986. అంచులు గోధుమ రంగుకు తిరిగాయి గానీ మడతలు విప్పితే లోపల తెల్లగా ఉంది. అసలు సంగతి పైన అచ్చు వేసిన చిరునామాలో ఉంది: ఊరి పేరు ముందు ఐదంకెల పిన్‌కోడ్. పశ్చిమ జర్మనీలో అప్పుడు వాడుకలో ఉన్నది నాలుగంకెల కోడ్. రెండు జర్మనీలు కలిశాక, 1993 జులై 1 నుంచి ఐదంకెలు వచ్చాయి. అంటే ఆయన చనిపోవడానికి మూడు నెలల లోపు ముందు. 1986 నాటి లెటర్‌హెడ్ మీద ఆ నంబరు ఉండే అవకాశమే లేదు.

ఇది కొనకముందే కనబడేది కదా అంటారేమో. దగ్గరి నుంచి తీసిన ఫోటోలు అడిగితే, స్వస్తిక ఉన్న వస్తువులను బహిరంగంగా చూపడం జర్మనీ చట్టం ఒప్పుకోదు అన్నాడు. చట్టం ఉన్న మాట నిజమే, యూనిఫాం మీద గుర్తు కనబడకుండా అక్కడివాళ్లు స్టిక్కర్ వేసి లిస్టింగ్ పెడతారు. కానీ టైపు చేసిన ఉత్తరంలో స్వస్తిక ఎక్కడిది? ఇలాంటి సాకు వినబడితే అక్కడితో ఆగిపోండి.

పిన్‌కోడ్ సంగతి అడిగాక ‘సర్టిఫికెట్ ఉంది కదా’ అన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ చిరునామా, పార్సిల్ పంపినవాళ్ల చిరునామా ఒక్కటే. ఆ మాట రాశాక జవాబులు ఆగిపోయాయి.

ఈ సర్టిఫికెట్ల ధీమా ఎంత పెద్దవాళ్లను ముంచిందో 1983లో ప్రపంచమంతా చూసింది. జర్మనీ పత్రిక ‘స్టెర్న్’ 93 లక్షల మార్కులు పోసి హిట్లర్ రాసినవన్న డైరీలు కొంది. చేతిరాత నిపుణులు సరిపోయిందన్నారు. తీరా చూస్తే, పోల్చడానికి వాళ్లకిచ్చిన నమూనాల్లో కొన్ని కూడా ఆ డైరీలను నకిలీగా రాసిన కాన్రాడ్ కుయావ్ చేతివే! దొంగను తెచ్చి దొంగకే సాక్షిగా నిలబెట్టినట్టయింది. చివరికి కాగితంలో యుద్ధం తర్వాత వచ్చిన, కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనం దొరికి గుట్టు రట్టయింది. అందుకని సంతకాన్ని పోల్చి చూసుకోవాలంటే అమ్మేవాడు పంపిన నమూనాలు పనికిరావు. అతనితో ఏ సంబంధమూ లేని చోటి నుంచి వచ్చిన పాత సంతకాలు కావాలి.

ఆ రసాయనం పట్టుకోవడానికి చిన్న యూవీ టార్చి చాలు. 1940ల నాటిది అన్న ఫోటో కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అది ఆ కాలంది కాదు. ఒక్క మెలిక ఉంది. హార్ట్‌మన్, గాలాండ్, రాల్ లాంటి యుద్ధకాలపు జర్మన్ పైలట్లు 1970, 80ల్లో కొత్త ప్రింట్ల మీద సంతకాలు పెట్టారు. ఆ కాగితం మెరిసినా సంతకం నిజమైనదే కావచ్చు. అమ్మేవాడు చెప్పిన కాలానికి కాగితం, సిరా సరిపోవాలి, అంతే. యుద్ధంలోనే పోయినవాళ్ల విషయంలో తేల్చడం సులువు. జలాంతర్గామి కమాండర్ ప్రీన్ 1941లో, పైలట్ మార్సెయ్ 1942లో, సేనాని రోమెల్ 1944లో పోయారు. బాల్‌పెన్నులు అమెరికా దుకాణాల్లోకి వచ్చిందే 1945లో. బాల్‌పెన్నుతో రోమెల్ సంతకం అంటే ఇంక చెప్పేదేముంది.

హిట్లర్ ఫోటోగ్రాఫర్ హాఫ్‌మన్ స్టూడియో పోస్టుకార్డుల మీద అచ్చులోనే వచ్చేసిన సంతకాలనూ చేత్తో పెట్టినవని అంటగడతారు. భూతద్దం కింద గీతలో చుక్కలు కనబడితే అది అచ్చు. యుద్ధకాలపు ఫెల్డ్‌పోస్ట్ (జర్మన్ సైనిక తపాలా) కవరు మీద ఐదంకెలు కనబడితే మాత్రం కంగారు పడకండి. అవి సైనిక దళం నంబర్లు, పిన్‌కోడ్ కాదు.

ఇంకో మాట. నాకు అమ్మినతని లిస్టింగుల నిండా ‘మహావీరుడు’, ‘గౌరవానికి ప్రతిరూపం’ అన్న పొగడ్తలే. ఈ జర్మన్ సైనికులు ఏ ప్రభుత్వం కోసం పోరాడారో అందరికీ తెలుసు. చరిత్ర ఆధారంగా దాచుకునేవాడికి ఆ పొగడ్తలు అక్కర్లేదు. నా అనుభవంలో పొగడ్త ఎక్కువున్న చోట ఫోటో ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న వివరం ఉండదు.

క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో ఫిర్యాదు వేయగలిగాను. నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే తగ్గిస్తానని అతను అన్నాడు, మీకూ అంటాడు, ఒప్పుకోకండి. వచ్చిన కవరు, పార్సిల్ చీటీ, మెసేజ్‌లు పారేయకండి, బ్యాంకు అవన్నీ అడుగుతోంది. నిన్న చూస్తే అదే ఉత్తరం, అదే 1986 తేదీ, ఎవరికి రాశాడన్న పేరు మాత్రం మార్చి మళ్లీ అమ్మకానికి పెట్టాడు. ఫిర్యాదు తేలగానే, బ్యాంకు వెనక్కి పంపమనకపోతే, నా దగ్గరున్న ఫోటో వెనక ‘నకిలీ’ అని చెరగని సిరాతో రాసేస్తాను. ఇంకొకరి చేతికి అసలుదని వెళ్లకూడదు.