ఢిల్లీ నేషనల్ మ్యూజియం: ముప్పావు గంటలో చూసే చోటు కాదు

ఢిల్లీ టూరు ప్యాకేజీలలో నేషనల్ మ్యూజియానికి దక్కేది తరచుగా ఇండియా గేటుకూ మధ్యాహ్న భోజనానికీ నడుమ మిగిలిన కాస్త సమయమే. కొన్నేళ్ళ క్రితం టూరు బస్సులో వెళ్ళినప్పుడు మాకు ముప్పావు గంట ఇచ్చారు. నటరాజ విగ్రహం ముందు నిలబడి ఫోటో తీసుకునేలోపే గైడు మమ్మల్ని బయటికి పిలిచేశాడు. ఈసారి చలికాలంలో నాన్నగారిని వెంటబెట్టుకొని, బస్సుల బెడద లేకుండా, ఉదయం పదింటికి తలుపులు తెరిచే వేళకే చేరుకొని సాయంత్రం నాలుగింటి దాకా ఉన్నాము. అయినా రెండు అంతస్తులు తీరికగా చూశామని చెప్పలేను.

1947-48 శీతకాలంలో లండన్‌లో జరిగిన భారతీయ కళా ప్రదర్శన కోసం దేశం నలుమూలల నుంచి సేకరించిన శిల్పాలూ చిత్రాలూ తిరిగి వచ్చాక, వాటిని ఎక్కడివక్కడికి పంపివేయకుండా ఒకచోట నిలుపుదామన్న ఆలోచనతో 1949 ఆగస్టు 15న ఇప్పటి రాష్ట్రపతి భవన్‌లో ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. జనపథ్‌లోని ఇప్పటి భవనానికి 1955 మే 12న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1960 డిసెంబరులో అది తెరుచుకుంది. మధ్యలో గుండ్రని ముంగిలి, దాని చుట్టూ వసారాలు, వాటికి ఆనుకొని గ్యాలరీలు ఉన్న కట్టడం కనుక దారి తప్పడం కష్టం. అయితే నడిచిన చోటే మళ్ళీ నడుస్తున్నామేమో అన్న అనుమానం మాత్రం ఒకటి రెండుసార్లు కలుగుతుంది.

మొదట చూడవలసింది హరప్పా గ్యాలరీ. పాఠ్యపుస్తకాలలో పేజీ సగం ఆక్రమించిన మొహెంజొదారో నర్తకిని మనసులో పెట్టుకొని వెళ్ళేవారు ఒక్క క్షణం తెల్లబోతారు, ఎందుకంటే 1926లో దొరికిన ఆ కంచు బొమ్మ ఎత్తు సుమారు పదిన్నర సెంటీమీటర్లు మాత్రమే. అరచేతిలో ఇమిడే ఆ పిల్ల నడుముమీద చేయి పెట్టుకొని, ఎడమ చేతినిండా గాజులతో, ఎవరినీ లెక్కచేయనట్టు నిలబడి ఉంటుంది. దేశవిభజన వేళ మొహెంజొదారో వస్తువులను రెండు దేశాలూ పంచుకున్నప్పుడు ఈమె మన వాటాకు వచ్చింది, గడ్డపు పురోహితుడిగా ప్రసిద్ధమైన రాతి బొమ్మ కరాచీలో ఉంది. ఒక హారాన్నైతే పూసలు విడదీసి మరీ పంచుకున్నారు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇత్తడి సామాను లెక్కపెట్టి పంచుకోవడం చూసిన వారికి ఈ సంగతి కొత్తగా అనిపించదు. అదే గ్యాలరీలో హర్యానాలోని రాఖీగఢీ తవ్వకాలలో బయటపడిన అస్థిపంజరం కూడా ఉంది.

తెలుగువారు ఎక్కువ సేపు నిలబడవలసింది నాగార్జునకొండ శిల్పాల దగ్గర. ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలంలో, అంటే సుమారు క్రీ.శ. మూడవ శతాబ్దంలో, పలనాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుని జీవిత ఘట్టాలవి. ఆ పలకలలో జానెడు ఖాళీ కూడా వదలకుండా జనం కిక్కిరిసి ఉంటారు: ఒకరు వంగి చూస్తుంటారు, ఒకరు మరొకరి భుజం మీదుగా తొంగిచూస్తుంటారు. తిరునాళ్ళ సందడి రాతిలోకి ఎక్కినట్టు ఉంటుంది. మాచర్ల దగ్గర పుట్టిన నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా చూసి, "మన వసారాలో పరిచిన నాపరాళ్ళు కూడా ఈ రాతికి చుట్టాలేరా" అన్నారు.

ఈ మ్యూజియానికి శంకుస్థాపన చేసిన ఏడు నెలలకు, 1955 డిసెంబరు 10న, అదే నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకూ శంకుస్థాపన చేశారు. ఆ నీటిలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో నీరు నిండేలోగా తవ్వకాలు సాగించి, దొరికినవాటిలో అధికభాగాన్ని ద్వీపంగా మిగిలిన కొండమీది మ్యూజియానికి చేర్చారు. అక్కడికి లాంచీలో వెళ్ళి చూసినవారు ఢిల్లీ పలకలను చూస్తే, విడిపోయిన ఒకే కుటుంబాన్ని రెండు ఊళ్ళలో పలకరించినట్టు ఉంటుంది. వరంగల్లు నుంచి వచ్చిన కాకతీయుల ద్వారబంధపు పైకమ్మి కూడా ఈ మ్యూజియం సేకరణలోనిదే. నాట్యం చేసే శివుడికి అటూ ఇటూ బ్రహ్మ, విష్ణువు ఉన్న ఆ నల్లరాతి పనితనం వేయిస్తంభాల గుడి ఎరిగిన కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వాలో దొరికిన బుద్ధ ధాతువులను, అంటే బుద్ధునివిగా భావించే అస్థి అవశేషాలను, థాయ్‌లాండ్ వారు కానుకగా ఇచ్చిన బంగారు పూత మంటపంలో ఉంచారు. అక్కడ మ్యూజియం కాసేపు గుడి అవుతుంది: విదేశాల నుంచి వచ్చిన భక్తులు నేలమీద కూర్చొని జపం చేసుకుంటూ ఉంటే, కెమెరాలు పట్టుకున్నవారు కూడా తమంతట తామే గొంతు తగ్గిస్తారు. ఆ ధాతువులను దర్శనార్థం ఇతర దేశాలకు తీసుకువెళ్ళే సందర్భాలు ఉంటాయి కనుక, వాటికోసమే వెళ్ళేవారు ముందుగా విచారించుకోవడం మంచిది.

పై అంతస్తులలో సూక్ష్మచిత్రాలు, నాణేలు, ఆయుధాలు, వాద్యాలు ఉన్నాయి; ఆసక్తిని బట్టి ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే పురాతత్వ అన్వేషకుడు అవురెల్ స్టెయిన్ మధ్య ఆసియా ఎడారుల నుంచి తెచ్చిన పట్టు చిత్రాలకే ఓటు వేస్తాను.

భారతీయులకు టికెట్టు 20 రూపాయలు, సోమవారం సెలవు. సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో కొద్ది నిమిషాల దారి. వివరాల పలకలు హిందీ, ఇంగ్లీషులలో ఉంటాయి కనుక, పెద్దవారితో వెళ్తే ఒకరు చదివి తెలుగులో చెప్పడానికి సిద్ధపడాలి. అలా చెబుతూ నడిస్తే గంటకు రెండు గ్యాలరీలు మించవు. రాష్ట్రపతి భవన్ దగ్గరి నార్త్, సౌత్ బ్లాకులనే ప్రభుత్వ భవనాలలో కొత్తగా భారీ జాతీయ మ్యూజియం ఏర్పాటు చేసే ప్రణాళిక ప్రకటించారు కనుక, ఈ గుండ్రని ముంగిలి చుట్టూ తిరిగి చూడాలనుకునేవారు ఆలస్యం చేయకపోవడం మేలు. నాన్నగారు మాత్రం వచ్చే ఏడు నాగార్జునకొండ లాంచీ ఎక్కుదామంటున్నారు.