జాగ్రత్త: మోకాలి నొప్పికి 'స్టెమ్ సెల్ ప్యాకేజీ' కట్టే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని వెయిట్‌లిఫ్టింగ్‌కీ, కబడ్డీకీ పంపే తల్లిదండ్రులు, కోచ్‌ల కోసం రాస్తున్నాను. "ఆపరేషన్ లేకుండా స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) మోకాలు బాగుచేస్తాం" అంటూ క్యాంపులు పెట్టి ప్యాకేజీలు అమ్ముతున్నారు. మా మేనల్లుడి దగ్గర 60 వేలు ముందే కట్టించుకుని చేసింది స్టెమ్ సెల్ కానే కాదు.

చేతి నరం నుంచి రక్తం తీశారు. ఆ గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపురంగు ద్రవాన్ని మోకాలిచిప్ప కింద గుచ్చారు. దాన్ని పీఆర్పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) అంటారు. అందులో ఉండేవి ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, మూలకణాలు కావు. మోకాలికి వాడే మూలకణాలు మామూలుగా ఎముక మూలుగ నుంచో, కొవ్వు నుంచో తీస్తారు. బిల్లులో మాత్రం "ప్రొసీజర్ చార్జెస్" అని ఒకే ఒక్క లైను.

పీఆర్పీ అంటేనే మోసం అనడం లేదు. కొన్నిచోట్ల కొందరికి పనిచేసింది. కానీ మడమ వెనకుండే ఎకిలీస్ టెండన్ అనే స్నాయువులో నొప్పి ఉన్న 240 మందికి బ్రిటన్‌లో పరీక్షిస్తే, ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే మెరుగేమీ కనబడలేదని 2021లో తేల్చారు. అలాంటిదాన్ని గ్యారంటీ అని ఎలా అమ్ముతారు?

అసలు భయం రెండో సిట్టింగ్‌లో పట్టుకుంది. ట్రేలో చిన్న సీసా. లేబుల్ గీకేశారు, జిగురు మరక మిగిలింది. "మందు పేరేటి బావూ?" అని మా అక్క అడిగితే, "రికవరీ పెప్టైడ్ అమ్మా, ఫారిన్‌ది" అన్నాడు క్లినిక్ వాడు. పేరు కాగితం మీద రాసిమ్మంటే రాయలేదు. కుర్రాణ్ని లేపుకొచ్చేశాం. మిగతా డబ్బు అడిగితే ప్యాకేజీకి రిఫండ్ లేదన్నారు.

ఆ సీసాలో ఏముందో దేవుడికెరుక. గాయాలు త్వరగా మానతాయని ఇలా చాటుగా అమ్మే పెప్టైడ్లలో (ప్రొటీన్ల చిన్న ముక్కల్లాంటి మందుల్లో) బీపీసీ-157, టీబీ-500 ముఖ్యం. రెండూ వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉన్నాయి. పీఆర్పీ మీద ఆంక్షలు 2011లోనే ఎత్తేశారు కాబట్టి దానితో ఆ చిక్కు లేదు. కానీ నిషేధిత మందు మూత్రంలో దొరికితే "డాక్టరే వేశాడు, నాకు తెలీదు" అన్నంత మాత్రాన నాడా (మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ) వదిలిపెట్టదు. క్లినిక్ వాడు ఇంకో ఊళ్లో క్యాంపు పెట్టుకుంటాడు, ఏళ్ల తరబడి ఆటకు దూరమయ్యేది మన పిల్లలు. ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిని చూసిన నేల ఇది. పిల్లల ఆట కోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టే తల్లులున్నారిక్కడ. ఈ క్యాంపుల వాళ్లకి ఆ ఆశే పెట్టుబడి.

ఎవరైనా స్టెమ్ సెల్ అంటే, ఏ ఉత్పత్తి, ఏ జబ్బుకి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందో రాసిమ్మనండి. అనుమతి లేనిదైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం క్లినికల్ ట్రయల్‌గానే (పరిశోధన పరీక్షగానే) చెయ్యాలి, అలాంటి ట్రయల్స్‌ని నమోదు చేసే సీటీఆర్ఐ నంబరు ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటేనే అనుమానించండి.

ఇప్పటికే కట్టినవాళ్లు బిల్లు, వాట్సాప్ మెసేజీలు, కరపత్రం దాచుకోండి. క్లినిక్ వైజాగ్‌లో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు, కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు.