టైల్ అడెసివ్ బస్తా మంచిదే, గోడ వంకర మాత్రం దాని పని కాదు

బెంగళూరులో పాత ఫ్లాటు బాత్‌రూమ్ పగలగొట్టి కొత్తగా చేయించుకునేవాళ్ళు సిమెంటు, ఇసుక మాలు వదిలేసి టైల్ అడెసివ్ వైపు వెళ్తున్నారు. రాఫ్, మైక్ లాటిక్రీట్, వెబర్, అల్ట్రాటెక్ టైల్‌ఫిక్సో, పేరేదైనా 20 కిలోల బస్తా ఇప్పుడు పేటలోని హార్డ్‌వేర్ షాపుల్లో కూడా దొరుకుతోంది. ఇక్కడ చూస్తున్నది బాత్‌రూమ్, వంటింటి గోడలకి ఎక్కువగా అమ్మే టైప్ 2 టి రకాన్ని. టైప్ అనేది ఐఎస్ 15477 ప్రమాణంలోని వర్గం. టి ఉంటే గోడకి పెట్టిన టైలు కిందికి జారదు. బస్తా మీద బ్రాండు పేరు కంటే ముందు ఈ రెండూ చూడాలి.

మట్టంగా ఉన్న గోడ మీద దీనికి వంక పెట్టడానికి లేదు. విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చదు కాబట్టి మామూలు మాలు దాన్ని సరిగ్గా పట్టుకోలేదు, ఇది పట్టుకుంటుంది. టైళ్ళు నానబెట్టే పని లేదు. పై వరస నుంచి కిందికి కూడా వేసుకుంటూ రావచ్చు. చిక్కంతా గోడ వంకరగా ఉన్నప్పుడే. పాత టైళ్ళు పీకాక గోడ గుంటలు, పొట్టలతో బయటపడుతుంది. అప్పుడు మేస్త్రీ అనంతపురం వాడైనా, బీహార్ వాడైనా చెప్పేది ఒకటే: "ఏం పర్వాలేదు సార్, గమ్ములో సర్దేస్తా." గమ్మంటే ఈ అడెసివే. ఆ సర్దుబాటుకే ఈ సరుకు పనికిరాదు.

ఎందుకంటే ఇది సన్న ఇసుక, సిమెంటు, పాలిమర్ కలిసిన పొడి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల పొరగా ఆరడానికే తయారు చేసింది. కొన్ని బస్తాల మీద ఇంకా ఎక్కువ మందం రాసి ఉంటుంది, అది అక్కడక్కడా గుంట తగిలినప్పటి మాట, గోడంతా వేసుకోమని కాదు. మందం పెరిగేకొద్దీ ఆరేటప్పుడు కుంచించుకుపోవడం పెరుగుతుంది. ఒక టైలు వెనక 4, పక్క టైలు వెనక 12 మిల్లీమీటర్లు ఉంటే రెండూ ఒకేలా కుంచించుకోవు. సాయంత్రం సమంగా కనిపించిన అంచులు మర్నాటికి చేతికి తగులుతాయి. నీళ్ళు పీల్చని టైలు వెనక మందపాటి పొర ఆరడానికీ చాలా ఆలస్యమవుతుంది.

ఖర్చు లెక్క ఇంకా సూటిగా చెబుతుంది. ఈ అడెసివ్ చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి దాదాపు కిలోన్నర పడుతుంది. 5 అడుగులు, 8 అడుగుల బాత్‌రూమ్‌లో 7 అడుగుల ఎత్తు వరకు టైళ్ళంటే తలుపు పోగా దగ్గర దగ్గర 165 చదరపు అడుగులు, అంటే 15 చదరపు మీటర్ల పైచిలుకు. 3 మిల్లీమీటర్ల పొరకి సుమారు 70 కిలోలు, నాలుగు బస్తాలు చాలు. గోడ బాగోలేక సగటు 5కి పోతే ఆరు బస్తాలు. ఇక 100 చదరపు అడుగుల గోడని ఈ పొడితోనే 10 మిల్లీమీటర్లు నింపాలంటే ఏడు బస్తాలు కావాలి. అదే మందం 1:4 మాలుతో, అంటే ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ళ ఇసుకతో నింపితే వృథా కలుపుకున్నా ఒక సిమెంటు బస్తా, నాలుగు ఘనపుటడుగుల ఇసుకతో అయిపోతుంది.

కాబట్టి బస్తా కొనేముందు గోడని కొలవాలి. 2 మీటర్ల అల్యూమినియం బద్ద తీసుకుని గోడ మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి చూడండి. బద్ద కింద 3 మిల్లీమీటర్ల టైల్ స్పేసర్ (టైళ్ళ మధ్య సందు కోసం పెట్టే ప్లాస్టిక్ ముక్క) దూర్చి చూడటం అన్నిటికంటే తేలిక. స్పేసర్ దూరి అటూ ఇటూ వదులుగా ఆడితే అక్కడ గుంట ఉన్నట్టు. బద్ద మధ్యలో ఆనుకుని రెండు చివరలూ ఊగితే పొట్ట ఉన్నట్టు. గుంటకో రంగు, పొట్టకో రంగు సుద్దముక్కతో గీయండి. 2 మీటర్ల బద్ద కింద 3 మిల్లీమీటర్లకి మించి తేడా లేకపోతే నేరుగా అడెసివ్‌తో మొదలుపెట్టొచ్చు. 300 బై 600 మిల్లీమీటర్ల టైలు అయితే చిన్న చిన్న తేడాలని కొంత దాచుకుంటుంది. 600 బై 1200 టైలు ఏదీ దాచదు.

దారానికి కట్టిన గుండు పట్టి నిలువు చూడటం వేరే సంగతి. పై నుంచి కిందికి గోడ ఒక సెంటీమీటరు వాలి ఉన్నా, సమంగా వాలితే టైళ్ళు చక్కగానే కూర్చుంటాయి. ఆ వాలు కనపడేది మూలల్లో, తలుపు చట్రం దగ్గర, షవర్ గాజు బిగించే చోట. అక్కడ మాత్రం సరిచేయించక తప్పదు.

దిద్దుబాటులో మేస్త్రీలు చేయడానికి ఇష్టపడని పని పొట్టని చెక్కడం. ఒకచోట 8 మిల్లీమీటర్లు ఎత్తుంటే మిగతా గోడంతా 8 మిల్లీమీటర్లు పైకి తెస్తామంటారు. దాంతో గది ఇరుకవుతుంది, ట్యాపుల పైపులు లోపలికి పోయి ఎక్స్‌టెన్షన్లు వెతుక్కోవాలి. పొట్టని గ్రైండర్‌తోనో ఉలితోనో తీసేయడమే మేలు. గోడంతా తట్టి చూసి డొల్లగా మోగిన గిలాబు మొత్తం రాల్చేయాలి. పెయింటు, పుట్టీ గీకేయాలి. పుట్టీ మీద అడెసివ్ పుట్టీనే పట్టుకుంటుంది, గోడని కాదు. చివరికి టైలు పుట్టీతో సహా ఊడొస్తుంది.

గుంట 5 మిల్లీమీటర్ల లోపుంటే ఇదే అడెసివ్‌ని తాపీ చదును వైపుతో ముందురోజు పూసి, బద్దతో లాగి, 24 గంటలు వదిలేయండి. ఈ పనికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. 5 దాటితే గిలాబే. గోడకి గంట్లు కొట్టి, దుమ్ము కడిగి, తడి ఉండగానే ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత గోడకి కొత్త మాలు అతుక్కోవడానికి వాడే పాలలాంటి ద్రవం) ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపి, బ్రష్షుకి వచ్చేలా సిమెంటు వేసి పూయాలి. ఆ పూత జిగటగా ఉన్నప్పుడే మాలు పడాలి. పూత పూసి భోజనానికి వెళ్ళొచ్చేసరికి అది ఆరి పలచని పొరలా తేలుతుంది, దాని మీద వేసిన మాలు అతుక్కోదు సరికదా, జారుతుంది. అలా ఆరిపోతే గీకి మళ్ళీ పూయించండి.

ఒక్కో పూత 10, 12 మిల్లీమీటర్లకి మించొద్దు. అంతకంటే లోతుంటే మొదటి పూతని గీతలు గీసి వదిలి, మర్నాడు రెండోది. 20 దాటితే కోళ్ళ వల బిగించాలి. బెంగళూరులో గిలాబుకి అమ్మే పి శాండ్‌లో, అంటే రాయి పిండి చేసిన సన్న ఇసుకలో, రాతిపొడి ఎక్కువైతే సన్నని పగుళ్ళు వస్తాయి. పిడికిట పట్టి వదిలినప్పుడు అరచేతికి పిండిలా అంటుకుపోతే ఆ లోడు వద్దనండి. పై పూతని నున్నగా తిప్పించొద్దు, గరుకుగానే ఉంచాలి. ఏడు రోజులు తడపాలి. ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే అపార్ట్‌మెంట్లలో మొదట ఎగ్గొట్టేది దీన్నే. తడి గోనెసంచులు వేలాడదీస్తే నీళ్ళు సగం కలిసొస్తాయి. తర్వాత ఇంకో వారం ఆరనిచ్చి వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ఆ పైన టైళ్ళు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక గోడ మట్టం చేయిస్తే ఆ పూతకి పెట్టిన డబ్బు వృథా.

కొత్త ఫ్లాట్లలో ఇంకో రెండు రకాల గోడలు తగులుతాయి. మైవాన్ కాంక్రీటు గోడ, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోతపోసింది, నున్నగా ఉంటుంది, ఆ అచ్చులకి రాసిన నూనె మరక మిగిలి ఉంటుంది. గంట్లు కొట్టి కడగనిదే అడెసివ్ పెట్టొద్దు. వంటింట్లో జిప్సమ్ గిలాబు ఉంటే సిమెంటుతో అది తడిలో రసాయనికంగా కలిసి ఉబ్బి టైలుని నెట్టేస్తుంది. టైళ్ళు వచ్చే మేర జిప్సమ్ తీయించి సిమెంటు గిలాబు చేయించడం ఖాయమైన దారి.

పెట్టే రోజున చూడాల్సినవి. నీళ్ళు ముందు పోసి పొడి తర్వాత వేయాలి, బస్తా మీద రాసిన కొలతకే, సుమారు 5 లీటర్లు. కలిపి అయిదు నుంచి పది నిమిషాలు వదిలి మళ్ళీ తిప్పాలి. బిగుసుకుందని తర్వాత నీళ్ళు పోస్తే పట్టు పోతుంది. మార్చి, ఏప్రిల్ ఎండ, పొడిగాలికి గోడ మీది పూత త్వరగా పైపొర కడుతుంది. వేలు పెడితే అంటకపోతే గీకేయాల్సిందే. పళ్ళ తాపీ చిన్న టైళ్ళకి 6 మిల్లీమీటర్లది, 600 బై 1200కి 10 మిల్లీమీటర్లది తీసుకుని టైలు వెనక కూడా పలచగా పూయాలి. మేస్త్రీ దగ్గర లేకపోతే బెంగళూరు హార్డ్‌వేర్ బజారు ఎస్.జె.పి. రోడ్డులో కొనివ్వండి. మూలలకి నాలుగు, మధ్యలో ఒకటి ఉండలు పెట్టి అతికించే పద్ధతిని మాత్రం ఒప్పుకోవద్దు. ఉండల మధ్య ఖాళీలో నీరు చేరుతుంది, గీజర్‌కి డ్రిల్ పెట్టినప్పుడు టైలు అక్కడే చిట్లుతుంది.

మూడో నాలుగో టైలు పెట్టగానే ఒకటి పీకించి వెనక చూడండి. పళ్ళ గీతలు అణగి కలిసిపోయి ఉండాలి. మధ్యలో గీతలు గీతల్లాగే నిలబడి ఉంటే అక్కడ గోడకి గుంట మిగిలిపోయింది. లెవలింగ్ క్లిప్పులు దీనికి మందు కాదు. అవి టైలు అంచుల్ని లాగి సమం చేస్తాయి, వెనక బోలు అలాగే ఉంటుంది. టైలు మీద టైలు వేయాలనుకుంటే టైప్ 2తో సరిపెట్టకండి, టైప్ 3 అడగండి.

కొనేటప్పుడు తయారీ తేదీ చదివి, బస్తా మూలలు నొక్కి చూడండి. గడ్డలు తగిలితే తేమ పట్టినట్టు. తెరవని బస్తాలు వెనక్కి తీసుకుంటారేమో బిల్లుకి ముందే అడగండి. కాంట్రాక్టర్ అంచనాలో గోడ మట్టం చేయడాన్ని టైళ్ళ కూలీలో కలిపేయనివ్వకుండా విడిగా ఒక పద్దు రాయించి, దాని పక్కన ఈ మాట పెట్టించండి: 2 మీటర్ల బద్ద కింద తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు, అడెసివ్ బస్తా విప్పేముందు బద్ద పెట్టి చూపించాలి.