పెంపుడు జంతువులకు గ్రహణపు కళ్లద్దాలు కొనబోతున్నవారికి హెచ్చరిక

సూర్యగ్రహణం పేరు చెప్పి కుక్కలకూ పిల్లులకూ ‘రక్షణ కళ్లద్దాలు’ అమ్ముతున్న ఆ దుకాణం ప్రకటన ఈపాటికి మీ ఫోన్లలోనూ కనిపించే ఉంటుంది. నేను వారి దగ్గర మా కుక్క కోసం ఒక జత తెప్పించాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచి, వారు అంటగట్టిన సరుకు ఎలాంటిదో, అడిగినందుకు ఏమని సమాధానమిచ్చారో తెలిస్తే మరొకరు అటువైపు వెళ్లకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

వచ్చినది ఒక అట్ట చట్రం, అందులో నల్లటి పలుచని ఫిల్మ్, తల వెనక బిగించడానికి ఎలాస్టిక్ పట్టీ. లోపలివైపు ‘ఐఎస్ఓ 12312-2’ అనీ, దాని కింద ‘నాసా ఆమోదం పొందినది’ అనీ అచ్చు వేశారు. మొదటిది మనుషులు సూర్యుణ్ణి నేరుగా చూడడానికి వాడే ఫిల్టర్లకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం. రెండోది పచ్చి అబద్ధం, ఎందుకంటే నాసా ఏ కంపెనీ కళ్లద్దాలకూ ఆమోదముద్ర వేయదు. ఆ ప్రమాణం ప్రకారం కంటికి కనిపించే వెలుగులో 0.0032 శాతానికి మించి ఫిల్టర్ దాటి రాకూడదు కాబట్టి, అసలైన ఫిల్టర్ పెట్టుకుంటే ఇంట్లోని వస్తువులేవీ కనిపించవు. వీరు పంపిన దాన్ని నా కళ్లకు అడ్డంపెట్టి చూస్తే ట్యూబ్‌లైటే కాదు, దాని పక్కనున్న గోడగడియారం ముళ్లు కూడా స్పష్టంగా కనిపించాయి. మా కుక్కకు తొడిగితే, మనిషి ముఖానికి కత్తిరించిన ఆ చట్రం దాని మూతి మీద నిలవనే లేదు. కళ్ల పక్కన వేళ్లు దూరేంత సందు మిగిలింది. అది ముందుకాలితో లాగి పడేసి ఫిల్మును నమలడం మొదలుపెడితే, దవడలు విడదీసి ముక్కలు బయటికి తీయవలసి వచ్చింది.

వెంటనే ఫోన్ చేసి, ఈ ఫిల్టర్‌ను ఎక్కడ పరీక్షించారో, ఆ నివేదిక పంపగలరేమో మర్యాదగానే అడిగాను. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, “చూడండి మేడమ్, అద్దాలు బాగాలేవని మీ కుక్క వచ్చి మీకు చెప్పిందా? దానికి లేని బాధ మీకెందుకు?” అన్నాడు. వెనకనుంచి మరెవరో నవ్వడం నాకు వినిపించింది. “అది చెప్పలేదు కాబట్టే నేను అడుగుతున్నానండీ” అన్నాను. వాడిన సరుకును తాము వాపసు తీసుకోబోమని చెప్పి ఫోన్ పెట్టేశాడు, ఆ తరువాత నా నంబరును అడ్డుకున్నారు. ప్రకటనలో ‘మీ బిడ్డలాంటి జీవి చూపు కాపాడండి’ అని మన ప్రేమను అడ్డం పెట్టుకుని అమ్మినవారు, ఆ జీవికి నోరు లేదన్న ధైర్యంతోనే ఈ సరుకు పంపారని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. మోసం కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువగా దహిస్తోంది.

నిజానికి కుక్కలకూ పిల్లులకూ ఈ కళ్లద్దాల అవసరమే లేదు. గ్రహణం నాడు సూర్యుడి కిరణాలకు కొత్త తీక్షణత ఏదీ రాదు. మామూలు రోజున తలెత్తి సూర్యుణ్ణి చూడని జంతువు ఆ రోజున కూడా సాధారణంగా చూడదు. ఆకాశంలో వింత జరుగుతోందని తెలిసి కళ్లార్పకుండా చూసేది మనిషే. పైగా ఫిల్టర్ అసలైనదైతే అది తొడుక్కున్న కుక్కకు చుట్టూ చీకటి తప్ప ఏమీ కనిపించక బెదిరిపోతుంది, నకిలీదైతే రక్షణే ఉండదు. ఏ విధంగా చూసినా దానివల్ల జంతువుకు ఒరిగేది సున్న.

నన్ను భయపెడుతున్నది మరొకటి ఉంది. ఆ పొట్లం మీద ‘పిల్లలు కూడా వాడవచ్చు’ అని రాసి ఉంది. కంటి లోపల వెనకవైపు ఉండే పొర అయిన రెటీనాకు నొప్పి తెలియదు, సూర్యకాంతివల్ల దానికి దెబ్బ తగిలినా ఆ క్షణంలో ఏమీ అనిపించదు. గంటలు గడిచాక గాని చూపు మధ్యలో మచ్చ కనిపించడం, అక్షరాలు వంకరపోవడం బయటపడవు. కొన్నిసార్లు ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోతుంది. గోడగడియారం కనిపించేంత పలుచని ఫిల్ముతో ఒక పిల్లవాడు గ్రహణం చూస్తే ఏమవుతుందో ఆ అమ్మేవారికి తెలియదనుకోను.

గ్రహణం సమయంలో మీ జంతువును ఇంట్లో ఉంచితే చాలు. బయటికి తీసుకువెళ్లవలసి వస్తే జనం అరుపులకు బెదిరి పారిపోకుండా గొలుసు పట్టుకోండి. ఇప్పటికే ఆ కళ్లద్దాలు కొన్నవారు వాటిని ఇంకెవరికీ ఇవ్వకుండా, ఫిల్మును ముక్కలుగా కత్తిరించి, జంతువుల నోటికీ పిల్లల చేతికీ అందని మూత ఉన్న చెత్తబుట్టలో పారేయండి.