కుళాయికి తాళమా, బరువు యంత్రమా?

స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో కొందరు రోజంతా నీళ్లు తాగుతూనే ఉంటారు. ఆ నీటితో రక్తం పలచబడి, అందులోని సోడియం (ఉప్పులో ఉండే లవణం) పడిపోయి ఒకసారి ఆసుపత్రి చూసి వచ్చిన ఇళ్లవాళ్లు అడిగేది ఒకటే: నీళ్లు అందకుండా దాచాలా, తాగనిచ్చి కనిపెట్టుకుని ఉండాలా?

దాచడం సులువనిపిస్తుంది. బిందె గదిలోకి, సీసాలు అలమారలోకి పోతాయి. మరి స్నానాల గదిలో బకెట్టు, వాష్‌బేసిన్, మొక్కలకు పోసే పైపు? మరుగుదొడ్డి చెంబుతో తాగేవారూ ఉంటారు. కాపలా మొదలైతే ఇంట్లో రోజూ గొడవే; చివరికి మాత్ర ఇచ్చే చేతినీ నమ్మరు. వాంతులవుతూ, మాట తడబడుతుంటే మాత్రం వాదనలు లేవు: నీళ్లు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ దాకా ఆగకూడదు.

నా మొగ్గు బరువు యంత్రం వైపే. ఎన్ని గ్లాసులు తాగారన్న లెక్క ఎవరు చెప్పినా నిలవదు, ఒంట్లో నిలిచిన లీటరు నీరు మాత్రం కిలో బరువై కనిపిస్తుంది. ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక ఏమీ తాగకముందు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి మరోసారి, అంతే తేలికైన బట్టలతో తూచాలి. 60 కిలోల మగమనిషి సాయంత్రానికి 63 అయితే 5 శాతం పెరిగినట్టు. అతని ఒంట్లో ఉండే నీరు సుమారు 36 లీటర్లు. దానికి మూడు కలిస్తే రక్తపరీక్షలో 140 (లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లు) ఉన్న సోడియం, లెక్క ప్రకారం, 129 దగ్గరికి దిగుతుంది. 135 కంటే తగ్గితేనే తక్కువంటారు. సాధారణంగా 3 నుంచి 5 శాతం మధ్య గీత గీస్తారు. మీ మనిషికి అది ఎక్కడో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. గీత దాటిన పూటే కట్టడి, మిగతా పూటల్లో అతని గ్లాసు వంక ఎవరూ చూడనక్కర్లేదు. ఒక చిక్కుంది: రాత్రంతా తాగితే ఉదయం బరువే ఎక్కువ చూపుతుంది. అందుకే సోడియం సరిగా ఉన్న రోజు బరువునే మూలంగా పెట్టుకోవాలి.

మందుల మార్పు డాక్టరు పని. స్కిజోఫ్రెనియాకు ఇచ్చే క్లోజాపిన్‌తో కొందరికి ఈ అలవాటు తగ్గుతుంది. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, కొన్ని డిప్రెషన్ మందులు సోడియాన్ని దించుతాయి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ నోరు ఎండబెడుతుంది. సొంతంగా ఏదీ ఆపవద్దు. ఉప్పు మాత్రలు ఇంట్లో వద్దు. పడిపోయిన సోడియాన్ని తొందరగా పెంచినా మెదడుకు ముప్పే.

మూడ్ మార్పులకు ఇచ్చే లిథియం వాడేవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం ఈ లెక్కలోకి రారు. వారిది నిజమైన దాహం కావచ్చు. అది తేలేదాకా వారికి నీళ్లు ఆపకూడదు.